పీట వేసే ముందు పాట వినిపించాలి

1960 జూన్ 19. న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. ఇరవై రెండేళ్ల ట్రంపెట్ కళాకారుడు ఫ్రెడ్డీ హబ్బర్డ్ ఆ రోజు తన పేరు మీద మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. ఆయన పక్కన టెనర్ శాక్సఫోన్ వాయించిన వ్యక్తి టీనా బ్రూక్స్. పేరు చూసి స్త్రీ అనుకోవద్దు. అసలు పేరు హరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్, పొట్టిగా ఉండేవారని వచ్చిన ముద్దుపేరు టీనా. హబ్బర్డ్ ఆల్బమ్‌కు పేరు తెచ్చిన ‘ఓపెన్ సెసమీ’, దానితో పాటు ‘జిప్సీ బ్లూ’ కూడా బ్రూక్స్ కట్టిన బాణీలే. ఆరు రోజుల తర్వాత అదే స్టూడియోలో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి ఆల్బమ్ బ్రూక్స్‌ది, పేరు ‘ట్రూ బ్లూ’. ట్రంపెట్ హబ్బర్డ్‌ది.

2006లో హబ్బర్డ్‌ను అమెరికా ప్రభుత్వ కళల సంస్థ ‘జాజ్ మాస్టర్’గా గౌరవించింది. అది ఆయనకు న్యాయంగా దక్కిన గౌరవమే. బ్రూక్స్ మాత్రం 1974లో, 42 ఏళ్లకే, కాలేయం దెబ్బతిని చనిపోయారు. హెరాయిన్ అలవాటు ఆయన్ను తినేసింది. 1961 తర్వాత ఆయన మళ్లీ రికార్డింగ్ స్టూడియో ముఖం చూడలేదు. బ్లూ నోట్ రికార్డు కంపెనీకి బ్యాండు నాయకుడిగా నాలుగు ఆల్బమ్‌లు చేసిస్తే, బతికుండగా బయటికొచ్చింది ‘ట్రూ బ్లూ’ ఒక్కటే. ‘బ్యాక్ టు ది ట్రాక్స్’ కేటలాగ్ నంబరు దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా రెండూ టేపుల్లోనే ఉండిపోయాయి.

జాజ్ అభిమానుల మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న రెండు వాదాలు ఈ ఒక్క మనిషి కథలో కలుస్తాయి. గొప్ప కళాకారుల పేర్లు చేర్చుకునే గౌరవ జాబితా, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎవరికి చోటివ్వాలన్నది ఒకటి. పాత ఆల్బమ్‌లను మళ్లీ ఎవరు, ఎలా, ఎంత ధరకు విడుదల చేయాలన్నది రెండోది. ఈ రెండూ వేర్వేరు గొడవలన్నట్టు మాట్లాడుకుంటున్నారు గానీ, మా దృష్టిలో ఇవి ఒకటే. పాట దొరకని మనిషికి ఓటెవరు వేస్తారు?

ఓట్ల సంగతే చూద్దాం. షికాగోలో 1934లో పుట్టిన జాజ్ పత్రిక డౌన్‌బీట్ 1952లో పాఠకుల ఓటుతో హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టింది. మొదటి పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. దాని మీద ఎవరికీ పేచీ లేదు. మరుసటి ఏడాది బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్, ఆ తర్వాత మరో బ్యాండు నాయకుడు స్టాన్ కెంటన్. శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ పేరు 1955లో వచ్చింది, అప్పటికి ఆయన చనిపోయారు. జాజ్ స్వరకర్తల్లో దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ వంతు 1956 దాకా రాలేదు. మిల్లర్, కెంటన్ తక్కువ వాళ్లని మేం అనడం లేదు. రేడియోలో, రికార్డు షాపులో ఎవరు ఎక్కువగా వినిపిస్తే ఓటు వాళ్లకే పడుతుందని మాత్రం ఈ వరుస చెబుతోంది. 1961 నుంచి అదే పత్రిక విమర్శకుల ఓటు కూడా కలిపింది. పాఠకులు 1970లో జిమీ హెండ్రిక్స్‌ను ఎన్నుకున్నప్పుడు రాక్ గిటారిస్టుకు జాజ్ హాల్‌లో ఏం పని అని లేచిన వాదన ఇప్పటికీ సద్దుమణగలేదు.

విమర్శకులు, పెద్దలు కూర్చుని తేల్చినా తప్పులు జరుగుతాయి. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని జాజ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2004లో మొదటి విడతగా 14 మందిని ఎంచుకుంది. అందులో స్త్రీ బిల్లీ హాలిడే ఒక్కరే. మేరీ లూ విలియమ్స్ 1920ల చివరి నుంచి పియానో వాయిస్తూ, పెద్ద పెద్ద బ్యాండ్లకు బాణీలు రాసిచ్చి, పియానిస్టు థెలోనియస్ మాంక్, ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ తరానికి తన ఇంటి తలుపులు తెరిచి నేర్పిన మనిషి. డౌన్‌బీట్ హాల్‌లోకి ఆమె పేరు చేరింది 1990లో, చనిపోయిన తొమ్మిదేళ్లకు. పాడే స్త్రీని గుర్తుపెట్టుకున్నంత సులువుగా వాయించే స్త్రీని, రాసే స్త్రీని గుర్తుపెట్టుకోలేదు. ఈ మాట ఇంకా గట్టిగా అనాల్సిందే.

1965లో జరిగింది మరీ బాధాకరం. సంగీతానికి పులిట్జర్ ఇచ్చే న్యాయనిర్ణేతలు ఆ ఏడాది ఎల్లింగ్టన్‌కు ఆయన జీవితకాల కృషికి ప్రత్యేక గౌరవం ఇవ్వమని సిఫార్సు చేశారు. బోర్డు కుదరదంది. ఆ ఏడాది సంగీతానికి పురస్కారమే లేకుండా పోయింది. ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు. విధి తన మీద దయ చూపిస్తోందని, మరీ చిన్న వయసులో తనకు పేరు రావడం దానికి ఇష్టం లేదని ఎల్లింగ్టన్ అన్నారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. ఆ గౌరవం చివరికి 1999లో, ఆయన శతజయంతి ఏడాది ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేరు. మాంక్‌కు 2006లో, శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్‌కు 2007లో, ఇద్దరికీ అలాగే పోయాకే ఇచ్చారు.

అందుకే అమెరికా ప్రభుత్వం 1982లో మొదలుపెట్టిన జాజ్ మాస్టర్స్ పద్ధతి మాకు నచ్చుతుంది. బతికున్న వాళ్లకే ఇస్తారు, 25 వేల డాలర్లు చేతిలో పెడతారు. వయసు మీద పడి కచేరీలు తగ్గిన కళాకారుడికి గోడ మీద పలక కన్నా ఆ డబ్బు అక్కరకొస్తుంది. అయితే ఆ పద్ధతి పుట్టేసరికే టీనా బ్రూక్స్ పోయి ఎనిమిదేళ్లయింది. అలాంటి వాళ్లకు ఇక మిగిలిన దారి రీఇష్యూ, అంటే పాత రికార్డింగును మళ్లీ విడుదల చేయడం, ఒక్కటే.

ఆ దారి వేసిన వారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మైకేల్ కస్కునా. 1970ల మధ్యలో బ్లూ నోట్ గోదాముల్లోకి వెళ్లి, బయటికి రాని టేపులను ఒక్కొక్కటిగా విని, ఏ రోజు ఎవరు వాయించారో రాసుకున్న మనిషి ఆయన. అలా వినడం వల్లే శాక్సఫోన్ కళాకారుడు హ్యాంక్ మాబ్లీ 1966లో రికార్డు చేసిన ‘ఎ స్లైస్ ఆఫ్ ది టాప్’ 1979లో వెలుగు చూసింది. అప్పటికి మాబ్లీ బతికే ఉన్నారు. తర్వాత కస్కునా, చార్లీ లౌరీతో కలిసి మొజాయిక్ రికార్డ్స్ పెట్టారు. మాంక్ బ్లూ నోట్ రికార్డింగులన్నీ ఒక బాక్స్ సెట్‌గా వేయడంతో ఆ సంస్థ మొదలైంది. 1985లో టీనా బ్రూక్స్ నాలుగు ఆల్బమ్‌లూ ఒకే పెట్టెలో తెచ్చారు. 1987లో హెర్బీ నికల్స్ వంతు వచ్చింది. 1963లో 44 ఏళ్లకు చనిపోయిన పియానిస్టు ఆయన. కస్కునా 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఏ హాల్ కమిటీ చేయని పని ఆయన గోదాములో కూర్చుని చేశారన్నది మా అభిప్రాయం.

రీఇష్యూ అంటే పాత సరుకుకు కొత్త అట్ట వేయడమేనని కొందరు తీసిపారేస్తారు. వాళ్లు ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కథ తెలుసుకోవాలి. 1959 మార్చి 2న జరిగిన మొదటి సెషన్‌లో టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో తిప్పి ఎల్పీ చేసేసరికి మొదటి వైపు మూడు పాటలూ అసలు శ్రుతి కన్నా కాస్త పైకి వెళ్లాయి. మూడు దశాబ్దాలకు పైగా లోకమంతా వాటిని ఆ శ్రుతిలోనే వింది. రికార్డుతో కలిసి వాయించి నేర్చుకోబోయిన విద్యార్థులకు తమ వాద్యం ఎందుకు కలవడం లేదో అర్థం కాలేదు. 1992లో వచ్చిన రీఇష్యూలో, వేరే మెషీన్ మీద తీసిన అదనపు టేపును వాడి దాన్ని సరిచేశారు. శ్రుతి విలువ తెలిసిన మన పాఠకులకు ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

మరో ఉదాహరణ. 1957లో థెలోనియస్ మాంక్, జాన్ కోల్‌ట్రేన్ కలిసి న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి వాయించారు. ఆ జోడీ రికార్డింగులు దొరికినవి చాలా తక్కువ. 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లారీ ఆపెల్‌బామ్ వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో పాత టేపులను డిజిటల్‌లోకి ఎక్కిస్తుంటే ఒక పెట్టె మీద చేతిరాతతో ‘టి. మాంక్’ అని కనిపించింది. 1957 నవంబర్ 29 నాటి కార్నెగీ హాల్ కచేరీ అది. 48 ఏళ్లు ఆ పెట్టె ఒక అరలో కూర్చుంది. ఒక ప్రభుత్వ గ్రంథాలయం టేపును పారేయకుండా ఉంచడం, ఒక ఉద్యోగి శ్రద్ధగా లేబుల్ చదవడం, ఇవే ఆ సంగీతాన్ని మనకిచ్చాయి.

కంపెనీల గోదాముల్లో ఆ శ్రద్ధ అన్నిసార్లూ కనిపించదు. కోల్‌ట్రేన్ 1963 మార్చి 6న రికార్డు చేసిన ఒక సెషన్ అసలు టేపు, నిల్వ ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ వదిలించుకున్న వాటిలో పోయిందంటారు. ఆ రోజు వినడానికని ఆయన ఇంటికి పట్టుకెళ్లిన కాపీ, మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర భద్రంగా ఉండబట్టి 2018లో ‘బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్’ వచ్చింది. వేల డాలర్ల స్టూడియో సరంజామా చేయలేని పని ఒక ఇంటి బీరువా చేసింది.

అయితే రీఇష్యూల పేరుతో జరిగేదంతా మంచేనని మేం అనలేం. కొన్ని వేల కాపీలే వేసి, నంబర్లు గుద్ది, అవి అయిపోయాక నాలుగింతల ధరకు చేతులు మారే బాక్స్ సెట్లు సంగీతాన్ని మళ్లీ గోదాములోకే తోస్తున్నాయి. చిన్న సంస్థలకు తక్కువ కాపీలు తప్పని లెక్క కావచ్చు, ఆ కష్టం మాకు తెలుసు. ఆ కాపీలు అయిపోయాక అదే సంగీతం మామూలు ధరలో, మామూలు రూపంలో దొరకాలి. 2022లో ఇంకో సంగతి బయటపడింది. డిజిటల్ ఊసు లేకుండా అసలు టేపు నుంచే నేరుగా తయారు చేస్తున్నారని కొనేవాళ్లు నమ్మిన ఖరీదైన ఎల్పీల్లో, పేరున్న ఒక అమెరికన్ సంస్థ 2011 నుంచే మధ్యలో డిజిటల్ దశ వాడుతోందని తేలింది. వినడానికి అవి బాగున్నాయా లేదా అన్నది కాదు ప్రశ్న. డబ్బు పెట్టి కొనేవాడికి నిజం చెప్పారా లేదా అన్నదే.

యూరప్‌లో ఇంకో చిక్కుంది. అక్కడ రికార్డింగుల హక్కు గడువును 50 నుంచి 70 ఏళ్లకు పెంచినా, 1962 చివరిలోగా విడుదలైనవి అప్పటికే గడువు దాటడంతో మళ్లీ రక్షణలోకి రాలేదు. జాజ్‌కు బంగారు పంట లాంటి 1950లు మొత్తం అందులోనే ఉన్నాయి. దాంతో ఎవరైనా పాత ఎల్పీ నుంచి కాపీ తీసి కొత్త అట్టతో అమ్ముకోవచ్చు. చట్టం ప్రకారం అది తప్పు కాదు. కానీ వాయించిన వాళ్ల కుటుంబాలకు రికార్డింగు కింద పైసా అందదు. సైడ్‌మన్‌గా, అంటే వేరొకరి ఆల్బమ్‌లో, వాయించిన వాళ్లకైతే అసలు విడుదలలోనే ఆ రోజు కూలి తప్ప ఇంకేమీ దక్కని సందర్భాలే ఎక్కువ. మరోవైపు, గడువు తీరడం వల్ల మేలూ ఉంది. కింగ్ ఆలివర్ బ్యాండులో కుర్ర ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ వాయించిన 1923 నాటి రికార్డులు 2024 జనవరి 1న అమెరికాలో అందరి సొత్తయ్యాయి. వందేళ్ల నాటి సంగీతాన్ని ఏ గ్రంథాలయమైనా, ఏ బడైనా పంచవచ్చు. అమెరికాలోలా వందేళ్లు మరీ ఎక్కువ, యూరప్‌లో ఒకప్పటిలా యాభై మరీ తక్కువ అన్నది మా మాట. మన దేశంలో ఉన్న 60 ఏళ్ల గడువు ఈ రెండింటికన్నా సబబుగా కనిపిస్తుంది.

ఇన్ని చెప్పాక మేం అడిగేది ఒకటే. హాల్‌లో కొత్త పేరు చేర్చే సంస్థ, ఆ కళాకారుడి రికార్డులు దొరుకుతున్నాయో లేదో చూసే బాధ్యత కూడా తీసుకోవాలి. హక్కులున్న కంపెనీతో మాట్లాడాలి. రీఇష్యూ వేసే కంపెనీ ఏ టేపు నుంచి తీసిందో, ఏ తేదీన రికార్డయిందో, వాయించిన ప్రతి ఒక్కరి పేరుతో సహా అచ్చు వేయాలి. ఈ చివరి మాట ఫోన్‌లో పాటలు వినిపించే యాప్‌లకు మరీ వర్తిస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక కుర్రాడు ఇవాళ ‘ఓపెన్ సెసమీ’ వింటే తెర మీద హబ్బర్డ్ పేరు కనిపిస్తుంది. ఆ బాణీ కట్టి, శాక్సఫోన్ వాయించిన మనిషి పేరు వెతుక్కోవాలి. ఎల్పీ వెనక అట్ట మీద ఆ పేర్లన్నీ ఉండేవి. సౌకర్యం పెరిగి సమాచారం తగ్గడం మంచిది కాదు.

జాజ్ గురించి తెలుగు పత్రికకు ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లుంటారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించి ఆ ప్రపంచాన్ని మన గుమ్మంలోకి తెచ్చారు. మరో బంధం అంతకన్నా పాతది. కోల్‌ట్రేన్ రెండో భార్య ఆలిస్ కోల్‌ట్రేన్, పియానో, హార్ప్ వాయించిన గొప్ప కళాకారిణి, తర్వాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో తను నడిపిన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టుకున్నారు. 1980ల నుంచి 1995 దాకా అక్కడ ఆమె సింథసైజర్, ఆర్గన్ వాయిస్తూ మన భజనలు పాడి క్యాసెట్లుగా తెచ్చారు. అవి ఆశ్రమం చుట్టూనే తిరిగాయి. భర్త పేరు వెనక ఉండిపోయిన మనిషిగానే చాలాకాలం ఆమెను చూసిన జాజ్ లోకం, ఆ పాటలు విననే లేదు. ఆమె 2007 జనవరిలో పోయారు. పదేళ్లకు, 2017లో, ఆ క్యాసెట్ల నుంచి ఏరిన పాటలు ఎల్పీగా వచ్చాయి. 2021లో ఆమె గొంతు, ఆర్గన్ మాత్రమే ఉన్న ‘కీర్తన్: తురియా సింగ్స్’ను కొడుకు రవి విడుదల చేయించారు. 1982 నాటి క్యాసెట్‌లో ఉన్న సింథసైజర్, తీగవాద్యాలు లేకుండా ఇలా వేయడం సరైనదేనా అని అభిమానులు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. ఇప్పుడు వాళ్ల దగ్గర వాదించుకోవడానికి పాట ఉంది. 2018 నవంబర్‌లో కాలిఫోర్నియా కార్చిచ్చు ఆ ఆశ్రమ భవనాన్ని కాల్చేసింది. ఆ గొంతు అప్పటికే ఎక్కడెక్కడి ఇళ్లలోనో వినిపిస్తోంది.