వెనక్కి దారి లేని అప్‌డేట్

రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫోన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ దిగి కూర్చుంటోంది. నిన్నటిదాకా రాత్రి పదింటి వరకు నిలిచిన ఛార్జింగ్ ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళకే అడుగంటుతోంది. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతి విడతా భీమవరం నుంచి అమలాపురం దాకా సెల్ రిపేరు దుకాణాల్లో వినిపించే గోడు ఇదే. కంపెనీ సర్వీస్ సెంటర్ మెట్లెక్కితే మాత్రం జవాబు మారదు: ‘మీ బ్యాటరీ పాతబడింది, మార్చుకోండి.’ నిన్న సాయంత్రం బాగున్నది రాత్రికి రాత్రే ఎలా పాతబడిందో చెప్పే నాథుడు లేడు. పోనీ, పాత సాఫ్ట్‌వేరే మళ్లీ వేసివ్వమంటే కుదరదంటారు. వెళ్లడానికే తప్ప తిరిగి రావడానికి దారి లేని చోటికి కొనుగోలుదారుణ్ణి అడక్కుండా నెట్టడం ఏం న్యాయం?

ఇది తీరిగ్గా వీడియోలు చూసుకునేవాళ్ల కష్టమని కొట్టిపారేయడానికి లేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల్లో రొయ్యల చెరువులకు రాత్రి కాపలా ఫోనే. చీకటి పడ్డాక నీటిలోని నాచు కూడా ప్రాణవాయువును వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య డీవో, అంటే నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు, బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యకు గండమే. సరిగ్గా ఆ వేళలో కరెంటు పోయినా, ఒక ఫేజు పడిపోయినా నీటికి గాలి అందించే ఏరేటర్ల స్టార్టర్‌లో ఉన్న సిమ్ రైతుకు కాల్ చేస్తుంది. ఆ కాల్ అందుకోవాల్సిన ఫోన్ ఆగిపోయి ఉంటే జనరేటర్ వేసేవాడెవడు? నెలల తరబడి మేత పోసి పెంచిన పంట కొద్ది గంటల్లో తేలిపోతుంది.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలదీ ఇదే అవస్థ. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కాజ్‌వేలు మునిగి కరెంటు కూడా లేని రోజుల్లో పడవ కబురు వచ్చేది ఫోన్‌కే, రాత్రి దీపం కూడా అదే. ఇక ఉపాధి పనుల్లో ఫొటో హాజరు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల నమోదులు, ధాన్యం అమ్మిన రైతు ఈకేవైసీ, రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు, అన్నీ ఫోన్‌లోనే. బ్యాటరీ దిగితే పని ఆగుతుంది, కొందరికి ఆ రోజు కూలీ ఆగుతుంది.

ఛార్జింగ్ తగ్గిన ప్రతిసారీ కంపెనీ మోసం చేసిందనలేం. పెద్ద అప్‌డేట్ ఎక్కిన మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ త్వరగా దిగడం మామూలే. ఫోన్ తనలోని యాప్‌లన్నింటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌కు సరిపడేలా మళ్లీ సిద్ధం చేసుకుంటుంది, ఫొటోలన్నీ తిరగేసి జాబితా కట్టుకుంటుంది. రెండు రాత్రులు ఛార్జర్‌కు తగిలించి వైఫైలో వదిలేస్తే ఆ పని తెమిలిపోతుంది. వారం దాటినా మార్పు లేకపోతే మాత్రం అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి దుకాణం దాకా వెళ్లనక్కర్లేదు. రాత్రి నూరు శాతం చేసి, ఛార్జర్ తీసేసి, ఎనిమిది గంటలు ఫోన్ ముట్టుకోవద్దు. ఐదారు శాతం తగ్గితే కంగారు లేదు. పదిహేను, ఇరవై తగ్గిందంటే ఫోన్‌ను లోపల ఏదో నిద్రపోనివ్వడం లేదు. మర్నాడు రాత్రి అదే పరీక్ష ఏరోప్లేన్ మోడ్‌లో చేయండి. తగ్గుదల ఆగితే తప్పు చాలావరకు సిగ్నల్‌ది. అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్ ఎంపిక మళ్లీ 5జీకి మారిపోతుంటుంది. టవర్లు దూరంగా ఉండే చెరువుల మధ్య, కొల్లేరు అంచు ఊళ్లలో ఫోన్ 5జీని వెతుక్కుంటూ, 4జీకి దిగుతూ, మళ్లీ ఎక్కుతూ బ్యాటరీని తాగేస్తుంది. సిమ్ సెట్టింగుల్లో 4జీ ఎంచుకుంటే తేడా ఆ రోజే తెలుస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లోనూ దిగుతూనే ఉంటే బ్యాటరీ వాడకం పేజీ తెరిచి, ఎప్పుడూ లేనంత వాటా తింటున్న యాప్ ఏదో చూడాలి. దాన్ని ముందు ప్లేస్టోర్‌లో అప్‌డేట్ చేసి, అప్పటికీ తగ్గకపోతే ‘రిస్ట్రిక్టెడ్’లో, అంటే వెనకాల నడవకుండా కట్టడిలో, పెట్టాలి. ఆక్వా రైతులు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్టార్టర్ హెచ్చరిక యాప్ ద్వారా వచ్చేటట్టయితే ఆ యాప్‌ను మాత్రం ‘అన్‌రిస్ట్రిక్టెడ్’లోనే ఉంచాలి. అప్‌డేట్ దాన్ని చెప్పకుండా పొదుపు జాబితాలోకి నెట్టేస్తే కరెంటు పోయినా ఫోన్ మోగదు.

ఇరవై, ముప్పై శాతం చూపిస్తూనే ఫోన్ ఠక్కున ఆగిపోతే అది వేరే జబ్బు. పాతబడిన లిథియం సెల్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినా, వీడియో కాల్ చేసినా ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ కుంగి ఫోన్ ఆరిపోతుంది. మన మే నెల ఎండలు ఈ ముసలితనాన్ని తొందరపెడతాయి. ఫోన్లు వాడటానికి తగిన వేడి 35 డిగ్రీల వరకేనని తయారీదారులే చెబుతారు, డెల్టాలో వేసవి ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. అలాంటి ఫోన్‌కు కొత్త బ్యాటరీయే మందు. వేయించేటప్పుడు సెల్ మీద ‘ఆర్’తో మొదలయ్యే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ నంబరు, ఐఎస్ 16046 అనే ముద్ర ఉన్నాయో లేదో చూడండి. వెనక మూత ఉబ్బినా, స్క్రీన్ అంచు లేచినా ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు.

ఇంతవరకు వినియోగదారుడు చేసుకోగలిగినవి. అతని చేతిలో లేనిది ఒకటుంది, మా కోపమంతా దాని మీదే. సాఫ్ట్‌వేర్ తలుచుకుంటే బ్యాటరీ సామర్థ్యాన్నే కోసేయగలదు. 4.4 వోల్టుల దాకా నిండాల్సిన సెల్‌ను 4 వోల్టుల దగ్గరే ఆపేస్తే తెర మీద నూరు శాతమే కనిపిస్తుంది, లోపల నిండేది మాత్రం తక్కువ. గూగుల్ 2025 జనవరిలో పిక్సెల్ 4ఎ ఫోన్లకు పంపిన అప్‌డేట్ కొన్నింటి ఛార్జింగ్‌ను ఇలాగే కుదించింది, దాంతోపాటే పాత సాఫ్ట్‌వేర్ ఫైళ్లను తన సైట్ నుంచి తీసేసింది. అదే ఏడాది జులైలో పిక్సెల్ 6ఎకు వచ్చిన తప్పనిసరి అప్‌డేట్ 400 ఛార్జింగ్ విడతలు (నూరు శాతం ఛార్జింగ్ వాడితే ఒక విడత) దాటిన కొన్ని ఫోన్ల బ్యాటరీలకు కోత పెట్టింది. యాపిల్ సంగతి జగమెరిగినదే. 2017 మొదట్లో వచ్చిన ఐఓఎస్ 10.2.1 పాత ఐఫోన్లను నెమ్మదింపజేసిందని ఆ డిసెంబరులో గానీ ఒప్పుకోలేదు. ముందుగా చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికా రాష్ట్రాలతో అదే ఏడాది 11.3 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఇటలీ అంతకుముందే, 2018 అక్టోబరులో, యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు వడ్డించింది. ఫోన్ మోయలేని అప్‌డేట్‌ను ఎక్కించడమే కాదు, మునుపటి స్థితికి తెచ్చుకునే దారి ఇవ్వకపోవడమూ అక్కడ తప్పుగానే లెక్కకు వచ్చింది. మనం అడుగుతున్నదీ అదే.

దారి ఎందుకు లేదు? చాలా ఫోన్లలో కొన్ని అప్‌డేట్లతో పాటు చిప్ లోపలి వెర్షన్ అంకె ముందుకు జరుగుతుంది. ఆ అంకె వెనక్కి రాదు, అంతకన్నా పాత సాఫ్ట్‌వేర్‌తో ఫోన్ తెరుచుకోదు. ఐఫోన్‌లో అయితే పాత వెర్షన్‌కు కంపెనీ డిజిటల్ సంతకం ఆపేసిందంటే దాన్ని మళ్లీ వేసుకోలేం. దొంగలు, హ్యాకర్లు పాత లొసుగులున్న సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించకుండా ఈ కట్టుదిట్టం అవసరమని, వేడెక్కి అంటుకునే ప్రమాదమున్న బ్యాటరీకి కళ్లెం వేయడమూ అవసరమేనని కంపెనీలు అంటాయి. నిజమే. అంత అవసరమైతే చెప్పి చేయడానికి అడ్డేమిటి? భద్రత ప్యాచ్‌ను, కొత్త హంగులను, బ్యాటరీ కోతను ఒకే మూటలో కట్టి, ఇష్టమైతే మొత్తం తీసుకో, లేదంటే హ్యాకర్లకు దొరికిపో అనడం భద్రత పేరుతో బెదిరించడమే.

ఐదు హార్స్‌పవర్ మోటారు అమ్మిన కంపెనీ మనిషి రాత్రిపూట పొలానికొచ్చి దాన్ని మూడుకు తగ్గించి పోతే ఏ రైతూ ఊరుకోడు. డబ్బు పూర్తిగా చెల్లించి కొన్న వస్తువు మీద అమ్మినవాడి పెత్తనం అమ్మకంతో తీరిపోవాలి. ఫోన్ల దగ్గర ఈ పెత్తనాన్ని ఒప్పుకున్నామంటే రేపు విద్యుత్ స్కూటర్ బ్యాటరీకి, ఇంటి ఇన్వర్టర్‌కు, చెరువు గట్టు మీది స్మార్ట్ స్టార్టర్‌కు ఇదే జరుగుతుంది. వీటన్నింటిలోనూ సాఫ్ట్‌వేర్ ఉంది, అప్‌డేట్ మీట కంపెనీ చేతిలోనే ఉంది. ఇవాళ నోరు మెదపకపోతే అదే రివాజవుతుంది.

అడగాల్సినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. భద్రత ప్యాచ్ విడిగా ఇవ్వాలి. బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించే మార్పు ఉంటే ఎంత తగ్గుతుందో అప్‌డేట్‌కు ముందే తెలుగులో తెర మీద చెప్పి, విడిగా ఒప్పుదల తీసుకోవాలి. కనీసం 30 రోజులు పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్లే వీలుండాలి. భద్రత కోసం కోత తప్పనిసరైతే కొత్త బ్యాటరీ ఉచితంగా వేయాలి, అదీ రైతును హైదరాబాద్ తిప్పకుండా రాజోలులోనో, నరసాపురంలోనో. గల్ఫ్‌లో పనిచేసే అమ్మో, అక్కో పంపిన ఫోన్లు కోనసీమ, నరసాపురం ప్రాంతంలో ఇంటింటా ఉన్నాయి. వారంటీ కొన్న దేశానికే అంటూ వాటిని తిప్పి పంపేస్తున్నారు. అప్‌డేట్ పంపడానికి మాత్రం ఆ సరిహద్దు గుర్తుకు రావడం లేదు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి 800 ఛార్జింగ్ విడతల తర్వాతా బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని నిబంధన పెట్టింది. అక్కడ చేయగలిగిన కంపెనీలు ఇక్కడ చేయలేమంటే నమ్మం.

నష్టపోయినవారు ఊరికే తిట్టుకుని వదిలేయొద్దు. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎక్కిన తేదీ, బ్యాటరీ వాడకం పేజీ స్క్రీన్‌షాట్లు, కొన్న బిల్లు, సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్ దాచుకోండి. నోటిమాటగా ‘బ్యాటరీ పాతది’ అంటే ఆ మాటే జాబ్‌షీట్ మీద రాసివ్వమనండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, కొత్తది వచ్చాక ఒకటి రెండు వారాలు ఆగి వేసుకోండి. వరద హెచ్చరిక ఉన్నప్పుడు, చెరువులో రొయ్యల పట్టుబడికి ముందు అసలే వద్దు. అలాగని భద్రత ప్యాచ్‌లను శాశ్వతంగా మానేయడమూ క్షేమం కాదు.

ఈ భారమంతా కొన్నవాడి నెత్తిన పెట్టి ప్రభుత్వం చోద్యం చూడటం సిగ్గుచేటు. ఐఓఎస్ 18 తర్వాత ఫోన్లు సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 జనవరిలో యాపిల్‌కు నోటీసు ఇచ్చింది. ఒక కంపెనీకి ఒక నోటీసుతో సరిపెడితే చాలదు, దేశంలో ఫోన్లు అమ్మే అందరికీ వర్తించే నిబంధన కావాలి. రేషన్ నుంచి ధాన్యం డబ్బు దాకా ప్రతి పనికీ పౌరుణ్ణి ఓటీపీ అడుగుతున్న సర్కారుకు, ఆ ఓటీపీ రావాల్సిన ఫోన్‌ను ఎవరో దూరం నుంచి కుదించేస్తుంటే పట్టదా? ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తాను విచారణ చేపట్టే అధికారం ఆ ప్రాధికార సంస్థకు 2020 జులై నుంచి ఉంది. కార్యాలయంలో కూర్చుని ప్రకటనలిచ్చింది చాలు, ఆ అధికారాన్ని బయటకు తీయండి.