డాలులో లేని దేశం

(కార్డిఫ్ నగరంలో ఒక తెలుగు ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. భార్య వడ్డిస్తోంది. భర్త గోడకు వేలాడుతున్న ఫ్రేము ముందు భూతద్దంతో నిలబడ్డాడు.)

నరసింహమూర్తి: వరలక్ష్మీ, ఈ ఫ్రేములోని రెండు పెన్స్ నాణెం కనిపించడం లేదు. స్కాట్లాండ్ సింహం మాయమైపోయింది.

వరలక్ష్మి: మాయం కాలేదండీ, భోజనాల బల్ల కాలి కింద ఉంది. బల్ల ఊగి సాంబారు ఒలికిపోతోందని నిన్న మూడుసార్లు మొరపెట్టుకున్నా మీరు తల ఎత్తలేదు కనుక, చేతికి అందిన సింహాన్ని పనిలో పెట్టుకున్నాను.

నరసింహమూర్తి: వెనుక కాళ్ళ మీద లేచి పంజా ఎత్తిన రాజసింహాన్ని బల్ల కింద పెడతావా?

వరలక్ష్మి: లేచి నిలబడే అలవాటున్న జంతువు కనుకనే బరువు మోయగలదని నమ్మాను. ఇంట్లో మరో సింహం ఉంది కానీ, అది పేరులోనే ఉంది.

నరసింహమూర్తి: నీకు దాని విలువ తెలియదు. బ్రిటన్ నాణేల టంకశాల రాయల్ మింట్ పెట్టిన పోటీకి 4,000కు పైగా నమూనాలు వస్తే, మాథ్యూ డెంట్ అనే కుర్రవాడిది నెగ్గి 2008లో నాణేలుగా వచ్చింది. రాజలాంఛనమైన డాలును అతడు ఆరు ముక్కలు చేసి, పెన్నీ నుంచి యాభై పెన్స్ దాకా ఒక్కొక్క నాణెం మీద ఒక్కొక్క ముక్క ఉంచాడు. పది పెన్స్ మీద ఇంగ్లండు సింహాలు, అడుగున యాభై పెన్స్ మీద డాలు మొన, అయిదు పెన్స్ మీద డాలులోని నాలుగు గదులూ కలిసే కూడలి ఉంటాయి. ఆరింటినీ వరుస తప్పకుండా పేరిస్తేనే డాలు పూర్తవుతుంది.

వరలక్ష్మి: ఆరూ కలిపితే ఎంత సొమ్ము అవుతుంది?

నరసింహమూర్తి: 88 పెన్స్.

వరలక్ష్మి: ఫ్రేముకు ఎంత పోశారు?

నరసింహమూర్తి: అది వేరే లెక్క. పైన ఉన్న పౌండు నాణెం చూడు, దాని మీద డాలు మొత్తం చెక్కి ఉంది.

వరలక్ష్మి: మొత్తం డాలు ఒక్క నాణెం మీదే దొరుకుతుంటే, ముక్కల కోసం ఏడాదిపాటు ప్రతి దుకాణంలోనూ నా చేత చిల్లర ఎందుకు అడిగించారు? పోనీ, ఆ పౌండు ఇవ్వండి, పాల ప్యాకెట్టు తెచ్చుకుంటాను.

నరసింహమూర్తి: ఈ గుండ్రని పౌండు 2017 అక్టోబరు 15 తరువాత దుకాణాల్లో చెల్లదు.

వరలక్ష్మి: అంటే చెల్లే చిల్లరను అద్దం వెనుక బంధించి, చెల్లని దానిని నెత్తిన పెట్టుకున్నారన్నమాట. సరే, ఆ నాలుగు గదుల్లో ఎవరెవరు కాపురం ఉంటున్నారు?

నరసింహమూర్తి: రెండు గదులు ఇంగ్లండువి, ఒకటి స్కాట్లాండుది, వీణ లాంటి హార్ప్ ఉన్న గది ఐర్లాండుది.

వరలక్ష్మి: మరి మనం ఉంటున్న ఈ వేల్స్ గది ఏదండీ?

నరసింహమూర్తి: వేల్స్‌కు గది లేదు. ఎనిమిదవ హెన్రీ కాలంలోనే దానిని చట్టం చేసి ఇంగ్లండులో కలిపేశారు కనుక, డాలులో వేరే చోటు అక్కరలేదనుకున్నారు. నాణేలు వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు నొచ్చుకున్నారు కూడా.

వరలక్ష్మి: ఈ నాణేలు ఎక్కడ ముద్రించారు?

నరసింహమూర్తి: (గొంతు తగ్గించి) ఇక్కడికి పది పన్నెండు మైళ్ళలో, లాంట్రిసెంట్‌లో.

వరలక్ష్మి: అది వేల్స్‌లోనే కదా. ఆ కుర్రవాడిది ఏ ఊరు?

నరసింహమూర్తి: బాంగోర్. అదీ వేల్సే.

వరలక్ష్మి: గీసింది వేల్స్, ముద్రించింది వేల్స్, బొమ్మలో మాత్రం వేల్స్ లేదు. ఎక్కడో చూసినట్టే ఉంది. ఆఁ, మన వీధి తలుపు మీద చూశాను. ఇంటి లోను వాయిదా సగం నా జీతంలోంచి పోతుంది, బోర్డు మీద మాత్రం మీ పేరు ఒక్కటే మెరుస్తోంది.

నరసింహమూర్తి: బోర్డు చిన్నది కావడం వల్ల చోటు సరిపోలేదు.

వరలక్ష్మి: ఆ హెన్రీ కూడా ఈ మాటే అని ఉంటాడు.

నరసింహమూర్తి: వేల్స్‌ను ఎవరూ మరిచిపోలేదు. 1995లోనూ, 2000లోనూ పౌండు మీద వేల్స్ డ్రాగన్ వచ్చింది. రాణిగారి పది లాంఛన మృగాలను జోడీ క్లార్క్ నాణేల మీదకు తెచ్చినప్పుడు, 2018లో అయిదు పౌండ్ల నాణెం మీద ఎర్ర డ్రాగన్‌నూ చెక్కాడు. కావాలంటే నీ పేరు మీద అది ఒకటి కొంటాను.

వరలక్ష్మి: ఇంట్లో చోటివ్వకుండా, ఏడాదికోసారి చేతిలో ఏదో పెట్టి ఊరుకోబెడతారు. పెళ్ళిరోజు చీరల సంగతి నాకు ఇప్పుడు బోధపడింది.

నరసింహమూర్తి: తల్లీ, బోర్డు మార్పిస్తాను, సింహాన్ని విడిచిపెట్టు. బల్ల కింద ఇంకేదైనా పెట్టుకో.

వరలక్ష్మి: మీ చెల్లని పౌండు పెట్టండి. డాలు మొత్తం దాని మీదే ఉంది కనుక నాలుగు దేశాలూ, తప్పు తప్పు, మూడు దేశాలూ కలిసి మోస్తాయి.

నరసింహమూర్తి: పౌండు మందం 3.15 మిల్లీమీటర్లు, రెండు పెన్స్ మందం రెండుకు కాస్త పైన. బల్ల ఇటువైపు ఒరిగిపోతుంది.

వరలక్ష్మి: ఒరగనివ్వండి, సాంబారు మీ వైపే కదా వస్తుంది.