ఆ తాబేలు పిల్లని బకెట్లో వెయ్యకండి

జనవరి వచ్చిందంటే చెన్నైలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఒకటే మెసేజ్ చేరుతుంది. "బెసెంట్ నగర్ బీచ్‌కి తాబేళ్లు వస్తున్నాయి, మనం చేయాల్సిన పది పనులు" అని పైన పెద్ద అక్షరాలు, పాయింటు పాయింటుకీ చేతులు జోడించిన బొమ్మ, చివర్లో "ఇరవై మందికి పంపండి, పుణ్యం వస్తుంది". మా పెరుంగుడి అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఆఫీసు తెలుగు గ్రూపులో వచ్చింది. నెల్లూరు నుంచి మా పెద్దమ్మ కూడా పంపింది. పంపినవాళ్లందరూ జీవాల మీద జాలితోనే పంపారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇందులో సగం పాయింట్లు పాటిస్తే తాబేళ్లు చస్తాయి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేద్దాం. తల్లి తాబేలు గుడ్ల దగ్గర రాత్రంతా కాపలా ఉంటుందట. ఉండదు. గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గంటలోపే సముద్రంలోకి వెళ్లిపోతుంది, మళ్లీ ఆ గూటి వైపు తిరిగి చూడదు. దాని కళ్లలో నీళ్లు ప్రసవ వేదనట. కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కంటి దగ్గరి గ్రంథి నుంచి బయటికి పంపిస్తుంది, నీళ్లలో ఉన్నప్పుడు కూడా అదే పని చేస్తుంది. ఒడ్డుకొచ్చినప్పుడు మనకి కనిపిస్తుందంతే.

కూర్మావతారం కాబట్టి ఒక పిల్లని ఇంట్లో పెంచుకుంటే లక్ష్మి నిలుస్తుందట. శ్రీకూర్మం గుళ్లో మీరు చూసినవి నేల మీద బతికే నక్షత్ర తాబేళ్లు. చెన్నై ఒడ్డుకొచ్చేది ఆలివ్ రిడ్లే, సముద్రపు జీవి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో ఉంది. పిల్లైనా, గుడ్డైనా ఇంటికి తెచ్చుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. వాస్తు కోసం అంత దూరం వెళ్లాలో లేదో మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు అసలు పాయింటుకి వద్దాం. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మెసేజ్‌లో ఐదోది: "ఒడ్డున తాబేలు పిల్ల కనిపిస్తే వెంటనే ఉప్పు కలిపిన నీళ్ల బకెట్లో వేసి ఇంటికి తీసుకెళ్లండి. రాత్రి కుక్కలు తినేస్తాయి. తెల్లారాక పిల్లల చేతుల మీదుగా సముద్రంలో వదలండి."

ఇది రాసినవాళ్లు ఒక్క పిల్లనైనా దగ్గర్నుంచి చూశారా?

గుడ్డులోంచి వచ్చిన పిల్ల బొటనవేలంత ఉంటుందంతే. పొట్ట లోపల ఇంకా గుడ్డు సొన కొంచెం మిగిలి ఉంటుంది. దానికున్న ఆస్తి అదొక్కటే. ఆ సొన బలంతోనే అది ఇసుక దాటాలి, అలలు దాటాలి, తర్వాత దాదాపు ఒక పగలూ రాత్రీ ఆగకుండా ఈదాలి. ఒడ్డు దగ్గర చేపలు, పీతలు, పక్షులు ఎక్కువ. ఎంత త్వరగా లోతు నీళ్లలోకి పోతే అంత భద్రం. అందుకే ఇసుకలోంచి బయటపడ్డ క్షణం నుంచీ రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది, ఆపడం దానికి తెలీదు. అలాంటి పిల్లని తీసుకెళ్లి బకెట్లో వేస్తే ఏం చేస్తుంది? ఈదుతుంది. ప్లాస్టిక్ గోడకి ముక్కు కొట్టుకుంటూ రాత్రంతా ఈదుతుంది. సముద్రం దాటడానికి దాచుకున్న శక్తంతా మీ బాత్రూంలో ఖర్చయిపోతుంది. తెల్లారి మీరు వదిలేది అలసి సొలసిన పిల్లని, అదీ పట్టపగలు, కాకులూ గద్దలూ చూస్తుండగా.

ఒక సీజన్‌లో, మార్చి చివర్లో, బెసెంట్ నగర్‌లో ఒక కుటుంబం అలాంటి పిల్లని డబ్బాలో పెట్టుకొచ్చింది. ఐస్‌క్రీమ్ డబ్బా, మూతకి చాకుతో చిల్లులు పొడిచారు. లోపల నీళ్లు, అందులో పిల్లకి తినడానికని వేసిన అన్నం మెతుకులు. చిన్న పాప దానికి చిట్టి అని పేరు కూడా పెట్టింది. పిల్లని తడి ఇసుక మీద పెడితే ముందు రెక్కలు రెండూ చాపి అలా పడుకుండిపోయింది. కాసేపటికి ఒక రెక్క కదిలింది, నాలుగంగుళాలు పాకింది, ఆగిపోయింది. అల వచ్చి తీసుకుపోయింది. తర్వాత ఏమైందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ తండ్రి చాలా మంచివాడు. "మెసేజ్‌లో ఉన్నట్టే చేశామండీ" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. ఈ మెసేజ్ మీదే వచ్చింది.

"పిల్లల చేతుల మీదుగా నీళ్లలో వదలండి" అన్న ముక్కకూ ఇదే జవాబు. ఇసుక మీద పాకడం దానికి కష్టం అని మనం అనుకుంటాం. ఆ పాకుడులోనే దానికి దిక్కు కుదురుతుంది. వెలుతురుని బట్టి సముద్రం ఎటుందో పోల్చుకుంటుంది, ఆ దిక్కునే భూమి అయస్కాంత శక్తి సాయంతో నీళ్లలోకి వెళ్లాక కూడా పట్టుకుని ఈదుతుంది. ఆ నాలుగడుగుల ఇసుక నడక మీరు తప్పించేస్తే దాని మొదటి పాఠం చెరిపేసినట్టే.

మరి రోడ్డు వైపు వెళ్లిపోతున్న పిల్ల కనిపిస్తే ఏం చేయాలి? అటవీశాఖకో వాలంటీర్లకో ఫోన్ చేయాలి. వాళ్లొచ్చేదాకా కుక్కల బెడద ఉంటే పొడి డబ్బాలో అడుగున కాస్త తడి ఇసుక పోసి, చీకటిగా కప్పి ఉంచాలి. నీళ్లు పోయకూడదు. ఉప్పు నీళ్లు కూడా పోయకూడదు. అన్నం అసలే వద్దు.

దీని తర్వాతి పాయింటు ఇంకా ఘోరం: "పిల్లలకు దారి కనిపించేలా ఫోన్ లైట్ వెయ్యండి." అయ్యా, పిల్ల రోడ్డు మీదకి వెళ్లేదే లైట్ వల్ల! చీకట్లో సముద్రం మీది ఆకాశం కొంచెం తెల్లగా ఉంటుంది, ఆ తెలుపు వైపే పోవాలని దాని పుట్టుకలోనే ఉంది. ఇటు బెసెంట్ నగర్‌లోని ఎలియట్స్ బీచ్ హైమాస్ట్ లైట్లు, హోటళ్ల బోర్డులు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు బంగళాల ఫ్లడ్ లైట్లు వెలుగుతుంటే అది సముద్రానికి వీపు తిప్పి కార్ల కిందికి వెళ్తుంది. మీ ఫోన్ ఇంకొక లైటు. అంతే తేడా.

గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లిని "సముద్రంలోకి తోసి సాయం చేయండి" అన్నది చదివి తల పట్టుకున్నాను. సముద్రంలోంచి అది కష్టపడి వచ్చిందే ఒడ్డుకి! మనుషుల అలికిడి, వెలుతురు తగిలితే గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. అదృష్టం బాగుండి మీకు ఆ దృశ్యం దొరికితే దూరంగా, వెనకవైపు, చీకట్లో కూర్చోండి. వెనక రెక్కలతో ఒక్కో గుప్పెడు ఇసుక తీసి పక్కన పోస్తూ జానెడు మూతి, మూరెడు లోతుతో కూజా లాంటి గొయ్యి తవ్వుతుంది. వందకి అటూ ఇటూ గుడ్లు పెడుతుంది. తర్వాత ఇసుక కప్పి, ఒళ్లంతా ఎత్తి ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగుతూ పొట్టతో నేల అణుస్తుంది. ధప్ ధప్ మని ఆ చప్పుడు కొన్ని గజాల దూరం వినిపిస్తుంది. అంత జాగ్రత్తగా తన పని తాను చేసుకునే జీవికి మనం తోసి చేసే సాయం ఏముంటుంది?

గుడ్లు కనిపిస్తే ఏరి పెరటి ఇసుకలో పాతమన్నారు. పెట్టిన కొన్ని గంటలకి గుడ్డులోని పిండం పెంకుకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డుని తిప్పితే చచ్చిపోతుంది. తెలిసినవాళ్లు గుడ్డు పైభాగం కిందికి కాకుండా తీసి, గూటి ఇసుకతో కలిపి సంచిలో పెట్టి, అదే లోతు గుంటలో అదే రాత్రి పాతుతారు. మీ పెరట్లో అది కుదరదు.

ఎనిమిదో పాయింటు: "చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తే సునామీ వస్తుందని అర్థం." 2004 డిసెంబర్‌ని చూసిన ఊరిలో ఇలాంటి మాట పుట్టించడానికి చాలా ధైర్యం కావాలి. చెన్నై ఒడ్డుకి ప్రతి జనవరిలోనూ చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. 2025 జనవరిలో అయితే వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి, జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. ఏ సునామీ రాలేదు. వాటిని దగ్గర్నుంచి చూసినవాళ్లకి కారణం ముఖం మీదే కనిపించింది: బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, ఉబ్బిన మెడ. ఊపిరాడక చచ్చాయి. తాబేలు మనలాగే గాలి పీల్చుకోవాలి. ట్రాలర్లు, అంటే వల లాగుతూ పోయే పెద్ద ఇంజన్ పడవలు, తమ వలని నీళ్ల అడుగున గంటల తరబడి లాగుతుంటే అందులో చిక్కుకున్నది పైకి రాలేక మునిగి చస్తుంది.

దీనికి పక్కనే "జాలరులే తినేస్తున్నారు" అని ఒక వాక్యం. ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. బెసెంట్ నగర్ పక్కనున్న జాలరి పేట ఊరూర్ కుప్పంలో ఫైబర్ పడవ మీద వేటకి వెళ్లేవాడు, పెద్ద ఇంజన్ ట్రాలర్ యజమాని ఒకటి కాదు. తమిళనాడులో ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లు దాటేదాకా ట్రాలర్లు వల వేయకూడదు. ఆ గీత దాటి అవి లోపలికొస్తే ముందు నష్టపోయేది చిన్న పడవవాడే, అతని చేప పోతుంది, వల తెగుతుంది. నీలాంకరై దగ్గర, అటు నెల్లూరు తీరంలో రాత్రుళ్లు గూళ్లు వెతికి కాపాడుతున్నవాళ్లలో చాలామంది జాలరి కుర్రాళ్లే. తాబేళ్లని కాపాడే ట్రీ ఫౌండేషన్ సంస్థ తరఫున సుప్రజా ధారిణి గారు నడుపుతున్న పని వాళ్ల మీదే ఆధారపడి ఉంది. వాళ్లని దొంగలుగా చూపించే మెసేజ్‌ని మనం ఏసీ గదుల్లో కూర్చుని పంపుకుంటున్నాం.

"వేట నిషేధం ఉంది కాబట్టి భయం లేదు" అన్నది తొమ్మిది. ఆ నిషేధం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. తాబేళ్లు మన తీరానికి వచ్చేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి. అంటే నిషేధం మొదలయ్యేసరికి చాలా తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి, కొన్ని వలల్లో చచ్చి ఉంటాయి. క్యాలెండర్ చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, కానీ రాసేముందు ఆ రెండు నిమిషాలు ఎవరూ కేటాయించరు. ట్రాలర్ వలలో తాబేలు బయటికి పోయే దారి ఉండే పరికరం ఉంది, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకి తగ్గట్టు తయారుచేసింది కూడా. చేప కొంత జారిపోతుందని పడవ యజమానులు పెట్టుకోరు. వాళ్ల భయంలోనూ కొంత న్యాయం ఉంది, ఆ నష్టం ఎవరు భరిస్తారో తేల్చకుండా చట్టం చేసినంత మాత్రాన పని జరగదు.

ఇక ఆఖరి పాయింటు: "హ్యాచరీలు డ్రామా, ప్రకృతిని దాని మానాన వదలాలి." హ్యాచరీ అంటే ఒడ్డున ఏరిన గుడ్లని పాతి, పిల్లలయ్యేదాకా కాపాడే కంచె వేసిన ఇసుక జాగా. చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది కానీ, ఈ పది పాయింట్లలో సగమైనా నిజం ఉన్నది దీనిలోనే. గుడ్లని అవి పెట్టిన చోటే వదిలేయడం అన్నిటికన్నా మంచిది. గూటి వేడిని బట్టి పిల్లలు ఆడో మగో తేలుతాయి, చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి, మరీ కాగితే గుడ్లోనే చచ్చిపోతాయి. హ్యాచరీ ఇసుక, తల్లి ఎంచుకున్న ఇసుక ఒకటి కాదు. కాకపోతే వీధి కుక్కలూ, లైట్లూ, ఆదివారం జనమూ ఉన్న చెన్నై ఒడ్డున గూడుని అలాగే వదిలేస్తే ఉదయానికి పెంకులే మిగులుతాయి. అందుకే 1970లలో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ బృందంతో మొదలై, 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ కుర్రాళ్లు సీజనంతా రాత్రుళ్లు నీలాంకరై నుంచి బెసెంట్ నగర్ దాకా నడుస్తూ ఆ గుడ్లు ఏరి హ్యాచరీలో పెడుతున్నారు. వారాంతాల్లో మనలాంటి వాళ్లని కూడా వెంట తీసుకెళ్తారు. గత్యంతరం లేక చేస్తున్న పని అది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఎన్ని వేల పిల్లల్ని వదిలారో చెప్పుకుని సంబరపడటం మనకి అలవాటైంది. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అంచనా. దానికి పదేళ్లు పైనే పడుతుంది. అలా పెద్దదై, తిరిగి గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి ట్రాలర్ వలలో పోతే, ఎన్ని సాయంత్రాలు చప్పట్లు కొట్టి పిల్లల్ని వదిలితే ఆ లోటు తీరుతుంది? హ్యాచరీ దగ్గర సెల్ఫీ దిగే జనంలో పదో వంతు మంది ఐదు మైళ్ల గీత గురించి కలెక్టరేట్‌కి ఒక ఉత్తరం రాసినా కొంత మార్పు ఉంటుంది.

కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంకరై వైపు సముద్రానికి ఎదురుగా ఇళ్లున్న మన వాళ్లు చాలామంది ఉన్నారు. జనవరి నుంచి మే దాకా రాత్రి తొమ్మిది తర్వాత సముద్రం వైపు బాల్కనీ లైటు, టెర్రస్ లైటు ఆపండి. ఆపలేకపోతే కనీసం కర్టెన్ వేయండి. అసోసియేషన్ మీటింగ్‌లో కాంపౌండ్ ఫ్లడ్ లైట్ గురించి అడగండి, వాచ్‌మన్‌కి భయమైతే లైటుని కిందికి తిప్పి గొడుగు లాంటి మూత వేయించండి. ఖర్చు రెండు మూడు వేలు దాటదు. మెసేజ్ పంపాలనిపిస్తే ఇది పంపండి.