మూడింట రెండొంతుల మాండలిన్

గత నెలలో ఒక బుధవారం ఉదయం, విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంటి వరండాలో, ఎవరి ప్రలోభాలకూ లొంగకుండా, పూర్తి స్పృహతో నేను గిటార్‌ను వదిలి మాండలిన్‌లో చేరాను. కార్యక్రమానికి మా ఆవిడ, పార్సిల్ తెచ్చిన కుర్రాడు, చెత్తబండి కోసం ఎదురుచూస్తున్న పక్కింటి మాస్టారు హాజరయ్యారు. పద్దెనిమిదేళ్ళు ఒకే వాద్యాన్ని నమ్ముకున్నవాడు ఉన్నపళంగా కండువా మార్చాడేమిటని నగరంలో రకరకాలుగా అనుకుంటున్నారు. (నగరమంటే ఇక్కడ మా అపార్టుమెంటు రెండో అంతస్తు.) అసెంబ్లీకి గెలవలేనివారు మండలికి వెళ్ళినట్టు, గిటార్ మీద గెలవలేనివారు మాండలిన్‌కు వెళ్తారన్న దుష్ప్రచారం కూడా నా చెవిన పడింది. అందుకే ఈ వివరణ.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం ఫిరాయించినవాడి సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది బయటికొస్తే చీలిక అనిపించుకునే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. 2003లో 91వ సవరణ దాన్నీ ఎత్తేసింది. ఇక మిగిలింది ఒకే దారి. మూడింట రెండొంతుల మంది సమ్మతిస్తే అది విలీనం, ఫిరాయింపు కాదు. ఇప్పుడు వాద్యాలకు వద్దాం. గిటార్ తీగలు ఆరు. లావు వైపు నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. మాండలిన్ తీగలు, లావు వైపు నుంచే, జి, డి, ఎ, ఇ. అంటే గిటార్‌లోని మొదటి నలుగురూ పేరైనా మార్చుకోకుండా ఇక్కడ హాజరు. ఆరుగురిలో నలుగురంటే ఎంతో లెక్క వేసుకోండి. నాది ముమ్మాటికీ విలీనమే. స్పీకర్ గారు, అంటే మా ఆవిడ, ఈ విషయంలో తీర్పును ఆనవాయితీ ప్రకారం నిరవధికంగా వాయిదా వేశారు.

నలుగురూ రావడమైతే వచ్చారు గాని తలకిందులుగా వచ్చారు. పాత పార్టీలో అందరికంటే లావుగా, గంభీరమైన గొంతుతో ఉండే ఇ, ఇక్కడికి రాగానే అందరికంటే సన్నబడి కీచుగొంతుతో మాట్లాడుతోంది. గిటార్ మీద జి కార్డు (కొన్ని స్వరాలను కలిపి మోగించే పట్టు) పట్టాలంటే ఆ నాలుగు తీగల మీద వరసగా 3, 2, 0, 0. అంకె అంటే ఎన్నో మెట్టు (వాద్యం మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కాలో, సున్నా అంటే నొక్కనక్కర్లేదు. మాండలిన్ మీద అదే కార్డు 0, 0, 2, 3. తెలిసిన విద్యనే తిరగేసి చదవాలన్నమాట. బీరువా అద్దం ముందు నిలబడి చూశాను. అద్దం కుడిని ఎడమ చేస్తుందే తప్ప కిందిది పైకి తేదు. శీర్షాసనం వేసి చూడమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

అసలు ఎందుకు మారానంటారా? నియోజకవర్గ అభివృద్ధి కోసమే. గిటార్ మీద నాకు పదకొండు పాటల పల్లవులు వచ్చు. చరణాలు రావు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో నేను పల్లవి ముగించి చరణం వైపు భయంభయంగా చూసే సమయానికి ఎవరో ఒకరు భోజనాలకు లేవమంటారు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి. లోపం నాదని ఒప్పుకోవడానికి ఈ కాలమ్‌లో చోటు చాలదు. లోపం తీగల సంఖ్యలో ఉందని తేల్చుకున్నాను. ఆరు ఎక్కువ, నాలుగు తక్కువ. ఇదొక్కటే నా ఎన్నికల ప్రణాళిక.

ద్వారకానగర్‌లోని ఒక వాద్యాల దుకాణానికి వెళ్ళాను. గోడల నిండా అరటిగెలల్లా గిటార్లు వేలాడుతున్నాయి. మాండలిన్ ఉందా అని అడిగితే కుర్రాడు లోపలికి వెళ్ళి చాలాసేపు వెతికి యుకులేలే తెచ్చి, “ఇది కూడా చిన్నదే సార్” అన్నాడు. కొలతల వరకు అతని మాట నిజమే. చివరికి పార్సిల్‌లో తెప్పించుకున్నాను. ధర ఆరు వేలు. అభ్యర్థులు ఎన్నికల అఫిడవిట్‌లో చూపించేంత నిజాయితీతోనే ఈ అంకె ప్రకటిస్తున్నాను.

మాండలిన్లలో ఎ రకం, ఎఫ్ రకం అని ఉంటాయి. ఎఫ్ రకానికి భుజం దగ్గర చెక్కతోనే చుట్టిన ఒక మెలిక ఉంటుంది. దానివల్ల నాదానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు, ధర మాత్రం పెరుగుతుంది. నేను మెలిక లేనిది కొన్నాను. వచ్చిన మొదటి వారమే మా మేనమామ దాన్ని సోఫాలో చూసి, చేతిలోకి తీసుకుని బరువు చూసి, “ఏ సభలో ఇచ్చారు?” అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. మా ఉత్తరాంధ్రలో సభ జరిగితే శాలువాతోపాటు బొబ్బిలి వీణ బొమ్మ చేతిలో పెట్టడం రివాజు. పనస చెక్కతో వీణలు చేసే గొల్లపల్లి కళాకారుల చలవతో ఉద్యోగ విరమణ చేసిన ప్రతి అధికారి ఇంట్లోనూ అద్దాల పెట్టెలో ఒక జానెడు వీణ ఉంటుంది. నాకు సన్మానం జరిగి ఉంటుందని నమ్మిన మొదటి మనిషి ఆయన. కాదని చెప్పడానికి మనసొప్పలేదు.

పెట్టె విప్పాక తెలిసిన సంగతి ఇంకొకటి. నాలుగు తీగలని నేను లెక్కవేసుకున్నవి నాలుగు జతలు. మొత్తం ఎనిమిది. ప్రతి సభ్యుడూ తోడుగా ఒక బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఒకే శ్రుతిలో ఉండాలి, బావమరిది వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఇంట్లో కందిరీగ దూరినట్టుంటుంది. పైగా గిటార్‌లో ఒక తీగను షడ్జమం అనుకుంటే పక్కది సాధారణంగా మధ్యమం, ఇక్కడ పంచమం. మెట్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి గిటార్‌లోలాగా వేలికొక మెట్టు ఇస్తే కుదరదు, ఒక్కో వేలికి రెండేసి మెట్లు అప్పగించాలి. అదనపు శాఖల బాధ్యత అన్నమాట. చిటికెన వేలు మొదటి రోజే రాజీనామా ఇచ్చింది.

నా తప్పు ఇక్కడే జరిగింది. నాయకుడు పార్టీ మారితే కార్యకర్తలు వెంట నడుస్తారనుకున్నాను. నా ఎడమ చేతి వేళ్ళు ఇంకా పాత జెండానే మోస్తున్నాయి. ఆలోచించేలోపే గిటార్ సి కార్డు దగ్గరికి వెళ్ళి కూర్చుంటాయి. వీణ గాని గిటార్ గాని ఎన్నడూ ముట్టని మా అబ్బాయి అదే మాండలిన్ మీద మూడు రోజుల్లో స్వరాలు పట్టేశాడు. వాడికి మరిచిపోవలసిందేమీ లేదు. పద్దెనిమిదేళ్ళ సీనియారిటీకి నాకు దక్కిందల్లా ఒక్కో వేలి కొన మీద రెండేసి సమాంతర గీతలు. వేళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తే వాల్తేరు రైల్వే యార్డును మేడ మీద నుంచి చూసినట్టుంటుంది.

సముద్రం పక్కన కాపురం కాబట్టి తీగలకు ఉప్పుగాలి తగిలి మూడు వారాల్లో తుప్పు మొదలైంది. ఒక ఆదివారం ఎనిమిదింటినీ ఒకేసారి విప్పేశాను. వెంటనే తీగలను మోసే చిన్న చెక్కముక్క ఊడి సోఫా కిందికి దొర్లింది. గిటార్‌వాళ్ళు దాన్ని బ్రిడ్జి అంటారు, వీణవాళ్ళు గుర్రం అంటారు. గిటార్‌కు దాన్ని జిగురుతో అతికిస్తారు, మాండలిన్‌కు అతికించరు. ఎనిమిది తీగలూ పైనుంచి నొక్కిపెట్టడం వల్లే అది తన స్థానంలో ఉంటుంది. సభ్యులను మార్చాలంటే ఒక్కొక్కరినే మార్చుకోవాలి గాని, అందరూ ఒకే పూట మద్దతు ఉపసంహరించుకుంటే ఏ అధ్యక్షుడు నిలుస్తాడు? చీపురుతో గుర్రాన్ని బయటికి లాగి, కంటి అంచనాతో నిలబెట్టి, రెండు రోజులు వాయించాను. పై నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, ఆ మెట్టు నుంచి గుర్రానికీ దాదాపు అంతే ఉండాలని తర్వాత తెలిసింది. నాది అర అంగుళం తప్పింది. ఆ రెండు రోజులూ నా వాద్యంలో తేడా వచ్చిందని ఇంట్లో ఒక్కరూ అనలేదు. నాకు అదే బాధ.

పక్కింటి మాస్టారు మాత్రం ఆసక్తిగా వింటారు. “బాబూ, పాలకొల్లు శ్రీనివాస్ తొమ్మిదేళ్ళకే కచేరీ చేశాడు కదా. మీకెన్ని?” అని అడిగారు. నాకు నలభై రెండు. ఆంధ్రదేశంలో మాండలిన్ పట్టుకున్న ప్రతివాడికీ ఈ ప్రశ్న రాసిపెట్టి ఉంది. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించారు. కర్ణాటక సంగీతానికి జతలు అడ్డమని జతలే తీసేసి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌తో గమకాలు పలికించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన పార్టీ మారలేదు, పార్టీనే మార్చారు. నన్ను పట్టుకున్న వివరం మరొకటి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు గాత్ర విద్వాంసులు, మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీదికి తెచ్చేవాడు.

నాకు గురువు అవసరమైంది ట్రెమొలో దగ్గర. గిటార్ తీగ ఒకసారి మీటి వదిలితే తీరిగ్గా మోగుతుంది. మాండలిన్ తీగ పొట్టిది, మీటిన మరుక్షణం చల్లారిపోతుంది. స్వరం నిలవాలంటే పిక్‌ను, అంటే మీటే చిన్న బిళ్ళను, కిందికీ మీదికీ ఒకే వేగంతో ఆపకుండా ఆడిస్తూ ఉండాలి. కొత్తగా చేరిన నాయకుడు రోజుకు రెండు విలేఖరుల సమావేశాలు ఎందుకు పెడతాడో నాకు అప్పుడు అర్థమైంది. నా ట్రెమొలో మొదలుపెట్టిన నాలుగో రోజు కింది వాటా ఆవిడ చీర పట్టుకుని పైకొచ్చి, ఫాల్ కుట్టడానికి ఎంత తీసుకుంటారని మా ఆవిడను అడిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉండలేక ఆర్కే బీచ్‌కు వెళ్ళాను. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడ్డాను. ఆయన స్టీలు డబ్బాలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగలు వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో కలపడం మొదలుపెట్టాడు. టకటకటకటక. భుజం కదలలేదు. మోచెయ్యి కదలలేదు. మణికట్టు ఒక్కటే, ఒంటి మీద ఈగను తోలుతున్నంత తేలిగ్గా. కిందికెంతో మీదికీ అంతే. ఒక్క మరమరం కూడా బయట పడలేదు. గరిటెను ఇంకాస్త గట్టిగా పట్టుకోవచ్చు కదా అని అడిగాను.

“గట్టిగా పడితే తిరగదు బాబూ” అన్నాడు ఆయన, పొట్లం చుడుతూ.

ఇంకొకటి కలపమన్నాను. కొంచెం నెమ్మదిగా.