తుపాను నాటి స్నేహం మామూలు రోజుల్లో ఏమవుతోంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. ఫోన్లు పనిచేయలేదు, రోడ్ల నిండా కూలిన చెట్లే, పాల ప్యాకెట్ కోసం బారులు తీరాం. ఆ రోజుల్లో మున్సిపల్ సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, కాలేజీ పిల్లలు కలిసి చెట్లు తొలగించారు, కలిసి భోజనం పొట్లాలు పంచారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు కమ్మేసినప్పుడూ ఎవరు ఏ శాఖ మనిషని అడగకుండానే పడిపోయినవాళ్లను భుజాన వేసుకుని పరుగెత్తారు. ఇంత బాగా కలిసి పనిచేయగల కార్యాలయాలు, సంస్థలు మామూలు రోజుల్లో ఒకరినొకరు ఎందుకు అనుమానంగా చూసుకుంటాయి?

డబ్బు లేకపోవడం కొంత కారణమే కానీ అసలు చిక్కు అది కాదని మా అభిప్రాయం. ప్రభుత్వ కార్యాలయానికి ఒక పని సంస్కృతి ఉంది, స్వచ్ఛంద సంస్థకు మరొకటి. విపత్తు వేళ రెండూ పక్కకు తప్పుకుంటాయి. కరెంటు రాగానే తిరిగొచ్చి తమ తమ కుర్చీల్లో కూర్చుంటాయి. కార్యాలయానికీ సంస్థకూ మధ్య కుదిరే ఒప్పంద పత్రంలో ఈ సంస్కృతుల ప్రస్తావన ఒక్క వాక్యం కూడా ఉండదు.

నిరాశ్రయుల వసతి గృహాలనే తీసుకుందాం. ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, పూర్ణా మార్కెట్, కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి పరిసరాల్లో రాత్రి పది దాటాక ఒకసారి నడిస్తే ఈ పథకం ఎవరి కోసమో తెలుస్తుంది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి, 24 గంటలూ తెరిచి ఉండే వసతి కల్పించాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు నిర్దేశించాయి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. 2011 జనగణన నాటికే నగర జనాభా 17 లక్షలు దాటింది. ఆ లెక్కన 1,700 మందికి చోటు కావాలి. భవనం పురపాలక సంస్థది, నడిపే బాధ్యత చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థది.

ఇలాంటి గృహంలో రాత్రి కాపలా ఉండే మేనేజర్‌కు తెలిసిన సంగతులు వేరు. మతిస్థిమితం తప్పిన పెద్దాయన వారం గడిస్తే గానీ తన ఊరి పేరు చెప్పడు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయిన మనిషికి కుట్లు మానవు, వెళ్లడానికి ఇల్లుండదు. చిరునామా లేనివాడికి ఆధార్ దొరకడం కష్టం, ఆధార్ లేనివాడికి పింఛనూ రేషనూ అందడం కష్టం. అధికారుల సమీక్షలో మాత్రం ఎన్ని పడకలు నిండాయి, రిజిస్టర్ రాశారా, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టారా అనే అడుగుతారు. ఇవీ అడగాల్సినవే. కానీ ఇవే అడుగుతూ పోతే సంస్థ కూడా ఇవే చేయడం నేర్చుకుంటుంది. పడక నింపితే చాలు, మనిషి కుదుటపడ్డాడో లేదో ఎవరికీ అక్కర్లేదన్న సంగతి కింది కార్యకర్తకు ఆర్నెల్లలో అర్థమైపోతుంది.

సమావేశంలో కూర్చునే తీరులోనూ ఇది కనబడుతుంది. అధికారులు బల్ల చుట్టూ, సంస్థల వాళ్లు గోడవార కుర్చీల్లో. వయసులో పెద్దావిడైనా ‘ఏమ్మా, నీ రిపోర్ట్ ఏది’ అనే పిలుపు. తర్వాత వచ్చే మినిట్స్‌లో ఏ శాఖాధికారి ఏమన్నారో ఉంటుంది, సంస్థల గురించి ‘ఎన్జీవో ప్రతినిధులు హాజరయ్యారు’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. చిన్న విషయమని కొట్టిపారేయవద్దు. మాటకు విలువ లేదని తెలిసిన చోట ఎవరూ చెడు వార్త చెప్పరు. క్షేత్రంలో ఏదో చెడిందన్న కబురు అధికారికి అందరికంటే చివర చేరుతుంది.

ఇక డబ్బు సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ రోజూ వినబడుతుంది. మంజూరు ఉత్తర్వు ఉంటుంది, బిల్లు కదలదు. గత విడత సొమ్ము ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం లేనిదే కొత్త విడత రాదు, గత విడతేమో సంవత్సరం చివర్లో వస్తుంది. ఈలోగా జీతం అందని కౌన్సెలింగ్ కార్యకర్త వేరే ఉద్యోగం చూసుకుంటుంది. మరుసటి తనిఖీలో ‘సిబ్బంది తరచూ మారుతున్నారు’ అని సంస్థ మీదే వ్యాఖ్య రాస్తారు.

ఇందులో బిల్లులు చూసే సెక్షన్ గుమాస్తాను దుర్మార్గుడిగా చూపడం తేలిక, న్యాయం కాదు. ఆడిట్ అభ్యంతరం వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. తప్పు తేలితే రిటైరయ్యాక రావలసిన సొమ్ము ఆగేదీ ఆయనకే. చెల్లింపు ఆపినందుకు ఎవరూ మెమో ఇవ్వరు, చెల్లించినందుకు ఇవ్వవచ్చు. అలాంటి చోట ఆపడమే క్షేమమని ఎవరైనా నేర్చుకుంటారు. ఆయన భయాన్ని తొలగించకుండా ఆయన తీరు మారాలనడం వృథా.

సంస్థల వైపూ లోపాలు తక్కువేమీ కాదు. స్థాపకుడి మాటే శాసనంగా నడిచే సంస్థలున్నాయి. పేద మహిళల హక్కుల గురించి మాట్లాడుతూ సొంత సిబ్బందికి పీఎఫ్ కట్టనివీ ఉన్నాయి. తనిఖీకి ముందురోజు రాత్రి కూర్చుని మూడు నెలల రిజిస్టర్ నింపడం మామూలైపోయిన చోట్లున్నాయి. లెక్క అడిగితే ‘మా సేవనే శంకిస్తారా’ అని నొచ్చుకుంటారు. ప్రజల సొమ్ముకు రసీదు అడగడం అవమానమెలా అవుతుంది? రసీదులు సక్రమంగా ఉన్న సంస్థే గోడవార కుర్చీ నుంచి బల్ల దగ్గరికి ధైర్యంగా రాగలుగుతుంది.

పనిని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చేటప్పుడు ఈ దూరం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1996లో ముంబైలో మొదలైన 1098 చైల్డ్‌లైన్ ఫోన్ సేవ స్వచ్ఛంద సంస్థల మీదుగానే దేశమంతటా విస్తరించింది. 2023లో ఆ సేవను అత్యవసర నంబరు 112తో అనుసంధానిస్తూ జిల్లా బాలల సంరక్షణ యంత్రాంగం కిందికి తెచ్చారు. ఆ నిర్ణయం మీద భిన్నాభిప్రాయాలుండొచ్చు. కానీ ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కూర్చున్న పిల్లవాణ్ని ఒడియాలోనో హిందీలోనో పలకరించి, బెదరకుండా మాట్లాడించే నేర్పు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఏళ్ల తరబడి రైళ్ల వేళలతో పాటు తిరిగిన కార్యకర్తల దగ్గరే ఉంటుంది. ఫైళ్లు అప్పగిస్తే ఆ నేర్పు కూడా వచ్చేసిందనుకోవడం పొరపాటు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయినప్పుడూ కాగితాలకే పంపకాలు జరిగాయి. ఏ మన్యం గ్రామంలో ఎవరి మాట చెల్లుతుందన్న ఎరుకకు పంపకం జరగదు కదా.

కలిసి నడిచే చోటు మన తీరంలోనే ఉంది. ఏటా గుడ్లు పెట్టే కాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకు వస్తాయి. అటవీ సిబ్బంది, సంస్థల కార్యకర్తలు, మత్స్యకార యువకులు రాత్రిపూట ఒకే ఇసుకలో నడిచి, గూళ్లు వెతికి, గుడ్లను సంరక్షణ కేంద్రాలకు చేరుస్తారు. ఒక్కో గూట్లో వందకు అటూఇటూ గుడ్లు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు కడలి చేరతాయి. అక్కడ పని అందరి కళ్ల ముందే జరుగుతుంది, ఎన్ని పిల్లలు నీళ్లలోకి వెళ్లాయో అందరూ కలిసి లెక్కపెడతారు. తాబేలు జాడ మత్స్యకార కుర్రాడికే బాగా తెలుసని అటవీ శాఖ బీట్ అధికారి ఒప్పుకోవడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వం 2007లో ఆమోదించిన జాతీయ స్వచ్ఛంద రంగ విధానం అధికారులకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని, సంస్థలతో వ్యవహారాలను నిర్ణీత గడువులో తేల్చాలని, వాటి ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలని స్పష్టంగా చెప్పింది. పద్దెనిమిదేళ్లు దాటినా ఆ మూడు మాటలూ విధాన పత్రం దాటి కింది కార్యాలయాల అలవాట్లలోకి దిగలేదు. జిల్లా కలెక్టర్, నగర కమిషనర్ తలుచుకుంటే వీటికి కొత్త చట్టం అవసరం లేదు. బిల్లు ఏ సీటులో ఎన్ని రోజులుందో సంస్థకూ కనిపించేలా చేయాలి. అధికారి బదిలీ అయినప్పుడు నడుస్తున్న ఒప్పందాల మీద నాలుగు పేజీల నోట్ రాసి, సంస్థల ఎదుటే కొత్త అధికారికి అప్పగించాలి. సెక్షన్ సిబ్బంది ఏడాదికి ఒక్క రాత్రి అయినా వసతి గృహంలో గడపాలి, గృహం మేనేజర్ ఒక్క రోజు సెక్షన్‌లో బిల్లు దారి చూడాలి.

వీటన్నిటికంటే ముందుగా కావలసింది మరొకటుంది. ఏటా అక్టోబర్, నవంబర్ నెలలు మనకు తుపాను గండం. ఆలోగా ఏ వార్డులో ఏ సంస్థ ఉంది, దాని దగ్గర ఎంతమంది మనుషులున్నారు, అర్ధరాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఇరుపక్షాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి. ఆ జాబితాలో అధికారి పేరు పక్కనే వసతి గృహం మేనేజర్ పేరు, ఆవిడ ఫోన్ నంబరు ఉండాలి.