మహారాజశ్రీ షీట్ పాన్ గారికి

ఓవెన్‌లో వంటకు వాడే వెడల్పాటి పళ్లెం, మహారాజశ్రీ షీట్ పాన్ గారి దివ్యసముఖానికి, డాలస్ పక్కన ఫ్రిస్కోలోని ఒక తెలుగు వంటింటి నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు ఓవెన్‌లో దోసె పెనం కింద, ఇడ్లీ పాత్ర పక్కన క్షేమమని తలుస్తాను.

"ఒక్క పళ్లెం, ముప్పై నిమిషాలు, ఆరోగ్యం, అంట్ల బాధ లేదు" అని తమరి భక్తులు చేసే ప్రచారం ముందు ఎన్నికల హామీలు చిన్నబోతాయి. ముందు ఆ ముప్పై నిమిషాల సంగతి తేల్చండి. ఓవెన్ 400 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరడానికే పావుగంట. దానికి ముందు, అందులో కాపురముంటున్న బాండీలూ మూతలూ దించి కౌంటర్ మీద పెట్టాలి. కూరగాయలు తరగడం తమరి లెక్కలోకే రాదు. ఇంకెవరో తరిగి పెడతారు కాబోలు.

పోనీ, ఒక్క పళ్లెమేనా? ముక్కల మధ్య ఖాళీ లేకపోతే తమరికి నచ్చదు. ఇరికిస్తే వాటిలోని నీరు ఆవిరై బయటికి పోయే దారి లేక, వేగాల్సినవి ఉడికి మెత్తబడతాయి. నలుగురికి రాత్రి భోజనం, పొద్దున లంచ్ బాక్సులు అంటే తమరి తమ్ముణ్ణి కూడా పిలవాల్సిందే. పైగా బంగాళదుంపకు నలభై నిమిషాలు కావాలి, సాల్మన్ చేపకు పావుగంటే చాలు. ఇద్దరినీ ఒకేసారి ఎక్కిస్తే ఒకరు పచ్చి, ఒకరు పిప్పి. చికెన్ అయితే లోపల 165 డిగ్రీలు వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడాలి. వంటకు కూడా జ్వరం చూడాల్సి వస్తుందని పెళ్లిలో ఎవరూ చెప్పలేదు.

ఇక అంట్లు. తమరు పద్దెనిమిది అంగుళాల పొడవు, పదమూడు అంగుళాల వెడల్పు. సింకులో పడుకోరు. నిలబెడితే కుళాయి నీళ్లు తమరి అంచుకు తగిలి తిన్నగా నా చొక్కా మీదికి. డిష్‌వాషర్‌లో వేస్తే అల్యూమినియం ఒళ్లు నల్లబడి అలుగుతారు. కారం పట్టించిన గిన్నె, కత్తి, చెక్క, గరిటె మాత్రం తమరి ఖాతాలో లేవు.

ఇన్ని చేశాక ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు పళ్లెం వైపు చూసి, "కలుపుకోవడానికి ఏదమ్మా? ఇదంతా నంజుకోవడానికేగా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. అన్నం కుక్కర్ పెట్టాను, చారు కాచాను, పోపు వేశాను. రెండు చెంచాల నూనెతో తమరు సాధించిన ఆరోగ్యం మీద మా ఆయన ఆవకాయ, నెయ్యి వడ్డించుకున్నారు.

అయినా ఒక్క విషయంలో మాత్రం సాష్టాంగం: బెండకాయ. కడిగి, తడి పూర్తిగా తుడిచి, నిలువుగా చీల్చి, దూరదూరంగా పరిచి లోపలికి తోస్తే జిగురన్నది లేదు. అంచులు కరకరలాడతాయి. పొయ్యి దగ్గర నిలబడి కలిపే పని లేదు. దించాక ఉప్పూ కారం, వేయించిన పల్లీలు చల్లితే అత్తగారు కూడా రెండోసారి వడ్డించుకున్నారు. కాలీఫ్లవర్‌దీ ఇదే దారి. ఈ మాట భక్తులకు చెప్పకండి, నెత్తికెక్కుతారు.

చివరగా ఒక విన్నపం. వేడెక్కగానే ఒక మూల వంగి "ఢాం" మంటారే, అది మానండి. మొన్న ఆఫ్‌షోర్ కాల్‌లో హైదరాబాద్ టీమ్ మొత్తం ఆగి, "అక్కా, అంతా ఓకేనా?" అని అడిగింది. మ్యూట్ నొక్కేలోపే పొగ అలారం కూడా అందుకుంది.

మంగళవారం కాకరకాయలున్నాయి, తప్పక దయచేయగలరు. గురువారం క్లయింట్‌తో కాల్ ఉంది, ఆ రోజు తమరికి సెలవు. ఆ పూట కుక్కర్‌లో ముద్దపప్పు.

ఇట్లు,
తమరిని తోమే విధేయురాలు