కవరులో ఎంతని అడిగితే తప్పా?

మొన్న కచేరీలు పెట్టే ఒక సంగీత సభవాళ్ళు ఫోన్ చేశారు. జనవరి మొదటివారంలో మధ్యాహ్నం పన్నెండు గంటల స్లాటు ఉంది, వయొలిన్ వాయిస్తారా అని. సంతోషంగా సరేనన్నాను. "సంభావన ఎంతండీ?" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత తమిళంలో "మేం మీకు అవకాశం ఇస్తున్నామమ్మా" అన్నారు.

అవకాశం! పదకొండేళ్ళుగా చెన్నైలో పక్కవాద్యం వాయిస్తున్నాను. ఈ మాట వింటే చాలు, శ్రుతి తప్పినట్టు ఒళ్ళు జలదరిస్తుంది.

2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చింది. ఆ గౌరవానికి ఈ ఊరు తగినదే, కాదనను. డిసెంబరు మధ్య నుంచి నెల రోజులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎక్కడో ఒకచోట కచేరీ జరుగుతూనే ఉంటుంది. కానీ ఆ పన్నెండు గంటల స్లాటు ఎలా ఉంటుందో చూడండి. పోయినేడు నేను వాయించినప్పుడు హాల్లో పద్నాలుగు మంది. అందులో ఇద్దరు పాడే అమ్మాయి తల్లిదండ్రులు, ముగ్గురు మృదంగం అబ్బాయి స్నేహితులు. మూడో వరుసలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, ఏసీ కోసం వచ్చాడనుకున్నా. పక్కనే క్యాంటీన్‌లో పళ్ళేల మోత. కాంభోజి రాగంలో స్వరకల్పన మధ్యలో నా పై తీగ ఫట్‌మని తెగింది. మార్చుకునే వ్యవధి లేక, మిగతాదంతా రెండో తీగ మీదే చేయి పైకి జరుపుకుంటూ లాక్కొచ్చాను. చివర్లో కవరిచ్చారు. ఆరు వందలు. మందవెల్లిలో మా ఇంటి నుంచి ఆటోకి రానూపోనూ నాలుగు వందల ఇరవై. తీగ ఖర్చు నాది. శాలువా మాత్రం బాగుంది.

ఆ కళ్ళు మూసుకున్న పెద్దాయన క్యాంటీన్ దగ్గర నన్ను ఆపాడు. "చరణంలో ఆ అమ్మాయి తెలుగు మాటని తప్పుగా విరిచింది. నీ వయొలిన్ కమాను సరిగ్గా విరిచింది. తెలుగువాళ్ళా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు నెలలు గడిచిపోయాయి. అదే నా బలహీనత. సభవాళ్ళకీ అది తెలుసు.

ఇంకొకళ్ళున్నారు, పాఠాలు చెప్పడం మానేసి కచేరీలకే అంకితమైపో అని సలహా ఇచ్చేవాళ్ళు. మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది మా ఊరి సంగీత కళాశాలే. 1919లో అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది 1941లో. అంటే అప్పటికి ఇరవై రెండేళ్ళుగా కళాశాలలో కొలువు! అంతటి మహానుభావుడి కమానుకే జీతం అండగా ఉండగా లేనిది, నేను పాఠాలు చెప్పుకుంటే "పాపం, కచేరీలు లేవేమో" అనడం దేనికి? పొద్దున అయిదున్నరకి న్యూజెర్సీ పిల్లలు తెరమీదికి వస్తారు. వాళ్ళకి ముందురోజు సాయంత్రం. వాళ్ళ దేశంలో గడియారం ఒక గంట మార్చినప్పుడల్లా మందవెల్లిలో నా నిద్ర కూడా మారుతుంది. ఇంటి అద్దె కట్టేది ఆ పిల్లలే, శాలువాలు కాదు.

సినిమా రికార్డింగులంటారా, తెలుగు సినిమా ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలిన తీగల పని కూడా చాలావరకు కంప్యూటర్‌లోని శాంపిళ్ళే చేస్తున్నాయి. ఆకాశవాణి ఒక్కటే కాస్త నయం. అక్కడ కళాకారులకిచ్చే గ్రేడుల్లో నాకు రెండోసారి ఆడిషన్‌లో బీ హై వచ్చింది. గ్రేడును బట్టి రేటు ముందే తెలుస్తుంది, డబ్బు బ్యాంకులో పడుతుంది. సర్కారు పాటించే ఈ చిన్న పద్ధతి, త్యాగరాజస్వామి పటానికి దండ వేసి దీపం వెలిగించేవాళ్ళకి ఎందుకు కష్టమో నాకు అర్థం కాదు.

నా తప్పూ ఉంది. మొదటి ఆరేళ్ళూ పిలిచిన ప్రతిచోటికీ ఊరికే వెళ్ళి వాయించాను. కొన్నిచోట్ల స్లాటు కోసం ఎదురు డబ్బిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఇక వయొలిన్ వాయించే మనిషికి ఇవ్వాలని ఎవరికి తోస్తుంది?

ఈసారి మాత్రం, "మూడు వేలు, ముందే చెప్పుకుందాం" అన్నాను. కనుక్కుని చెబుతామన్నారు. ఫోన్ రాలేదు.

నిన్న నా శిష్యురాలు చేసింది. "అక్కా, జనవరిలో నాకు పన్నెండు గంటల స్లాటు వచ్చింది! ఎగస్ట్రా పై తీగ ఒకటి ఉంటే ఇస్తారా?" సభ పేరు చెప్పింది. అదే సభ. తీగ ఇస్తానన్నాను. సంభావన ఎంతన్నారే అని అడిగాను.

"అబ్బే, అలా ఎలా అడుగుతామక్కా!" అంది.